కరుణమ్మ టీచరు ఎర్ర పండ్లపొడి

మా సందుకు రోడ్డు వేస్తామని నిన్న పొద్దున ఒక ట్రాక్టరు వచ్చి, సరిగ్గా మా గేటు ముందే మొరం, అదే ఎర్ర కంకరమట్టి, గుమ్మరించి పోయింది. జహీరాబాద్ మొరం సంగతి తెలిసిందే కదా, గాలి కొంచెం వీస్తే చాలు, ఎర్రటి దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. నేను అప్పుడే పెరుగన్నం కలుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పళ్ళ మధ్య కరకరమంది. పై పళ్ళ నుంచి చెవి దాకా ఒక్కసారిగా జివ్వున లాగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముద్ద ఊసేసి, గోరువెచ్చటి నీళ్ళు పుక్కిట పట్టి, దవడ పట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ట్రాక్టరువాణ్ణి తిట్టరాని తిట్లు తిట్టాను. వాడు అప్పటికే వెళ్ళిపోయాడు, అయినా తిట్టాను.

నాకు అరవై దాటాయి. నా ముందు పళ్ళు చూసినవాళ్ళు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. సగానికి సగం అరిగిపోయి, అంచులు పలచబడి, లోపలి పసుపురంగు బయటికి కనిపిస్తూ ఉంటాయి. చల్లటి నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో లెక్కలేదు. ముప్పై ఏళ్ళకు పైగా దవాఖానల్లో నర్సుగా చేశాను కాబట్టి పళ్ళ డాక్టర్లను చాలామందినే చూశాను. "ఏంటి సిస్టర్, చిన్నప్పుడు ఇసుక నమిలారా?" అని నవ్వుతూ అడిగేవాళ్ళు. మా టీచరు మొరం పొడితో తోమించింది అని చెబితే, "అదేం మనిషండీ, పిల్లల పళ్ళన్నీ పాడు చేసింది" అని నోరు పారేసుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. కరుణమ్మ టీచరును తిట్టే హక్కు ఈ భూమ్మీద ఎవరికైనా ఉంటే అది నాకే ఉంది. ఆ హక్కును ఒకసారి కడుపునిండా వాడుకున్నాను కూడా. అది చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

డెబ్భైల మొదట్లో, నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మా పేట బడికి వచ్చింది. పొడుగు మనిషి. తెల్ల చీర, చేతిలో నల్ల గొడుగు. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే వీధి చివరిదాకా వినిపించే గొంతు. పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన మొదటి వారంలోనే ఒకరోజు పాఠం ఆపి మాకు తన తల్లి సంగతి చెప్పింది. ఆ తల్లికి మిశ్రి రుద్దుకునే అలవాటు ఉండేదట. మిశ్రి అంటే పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి నూరిన పొడి. మరాఠీ వైపు నుంచి మా వైపుకు వచ్చింది. పొద్దున్నే ఏ ఇంటి గడప మీద చూసినా ఆడవాళ్ళు కూర్చొని, చూపుడువేలితో ఆ నల్లపొడిని చిగుళ్ళకు రుద్దుకుంటూ, ఊస్తూ కనిపించేవాళ్ళు. పేరుకు పళ్ళు తోముకోవడం, నిజానికి మత్తు. ఆకలిని చంపుతుంది. మా అమ్మ బాలమణి అల్లం చేన్లలో కూలికి పోయేది. మధ్యాహ్నం దాకా ఆమె కడుపులో పడేది ఆ మిశ్రి ఊటే. టీచరు తల్లికి బుగ్గలో పుండు పడి, నోరు తెరుచుకోక, గంజి కూడా దిగక ప్రాణం పోయిందట. "మీ అమ్మలు గట్ల పోవద్దు బిడ్డా" అంది. మూడో తరగతి పిల్లలకు చెప్పే మాటేనా అది? తరగతంతా గొల్లుమని ఏడ్చింది.

మిశ్రి మానెయ్యండి అని ఊరికే చెబితే ఏ ఆడదీ వినదని ఆమెకు తెలుసు. వేలికి పొద్దున్నే ఒక పని అలవాటైపోయింది, ఆ వేలికి ఇంకో పని ఇవ్వాలి. అది ఆమె ఆలోచన. మా ఇళ్ళల్లో ఇత్తడి బిందెలను మొరం పొడితోనే తోమేవాళ్ళు. బిందె తళతళలాడుతుంది కదా, పళ్ళెందుకు తళతళలాడవు అనుకుంది. అక్కడే పొరపాటు పడింది, కానీ అప్పుడు మాకెవరికీ అది పొరపాటని తోచలేదు. బడి వెనక మొరం గడ్డలు ఏరి, రోట్లో దంచి, పాత ధోవతి గుడ్డలో జల్లెడ పట్టి, అందులో కాస్త ఉప్పు, కాస్త బొగ్గుపొడి కలిపేది. శనివారం మధ్యాహ్నం ఆడపిల్లలమంతా దంచేవాళ్ళం. ముక్కులు, చేతులు, గౌన్లు అన్నీ ఎర్రగా అయ్యేవి. కాగితం పొట్లాలు కట్టుకొని ఆమె ఇంటింటికీ తిరిగేది.

మా ఇంటికి వచ్చిన మొదటిరోజు నాకు బాగా గుర్తుంది. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మా అమ్మ గడప మీద కూర్చొని మిశ్రి డబ్బా మూత తీస్తోంది. టీచరు వచ్చి పక్కనే చతికిలబడింది.

"జర చెయ్యి చాపు బాలమణీ."

"నాకెందుకు టీచరమ్మా గీ ఎర్రమన్ను? పొయ్యి అలకమంటవా?"

"పండ్లకు రాయి. ఆ నల్లది జర పక్కకు పెట్టు. నేను సుత నీతోని కూసొని రుద్దుకుంట."

మిశ్రి ఆపిన మొదటి వారం మా అమ్మకు తల పగిలిపోయేంత నొప్పి. అయినదానికీ కానిదానికీ నన్ను బాదేది. "నన్ను తిట్టు బాలమణీ, పిల్లను కొట్టకు" అనేది టీచరు. నిజంగానే తిట్టేది మా అమ్మ, నోటికొచ్చినట్టు. ఆమె మర్నాడు మళ్ళీ వచ్చేది. అలా నలభై రోజులు, వానలో కూడా గొడుగేసుకొని వచ్చి కూర్చుంది. ఆఖరికి ఒకరోజు మా అమ్మే డబ్బా తీసుకెళ్ళి పెంటకుప్ప మీద విసిరేసి వచ్చింది. నా చేతిలో అద్దం లాక్కొని తన పళ్ళు చూసుకొని, "అమ్మో, నావేనా గివి?" అని నోరంతా తెరిచి నవ్వింది. అంతకుముందు మా అమ్మ నవ్వితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆమె నోరు తెరిచి నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఇక బడిలో మాకు పళ్ళ పరీక్ష. మా వైపు చెరుకు కాలంలో పిల్లల చేతుల్లో చెరుకు గడ తప్ప ఇంకోటి ఉండదు. ఎండాకాలం పచ్చి చింతకాయ, మామిడికాయ. తినగానే నోరు పాడవుతుందని ఆమె భయం. అందుకని ఇంటర్వెల్ అయిపోగానే వరుసగా నిలబెట్టి, ఆ ఎర్రపొడితో అప్పటికప్పుడు తోమించేది. "గట్టిగ, ఇంక గట్టిగ" అంటూ తిరిగేది. తర్వాత తన చేతి అద్దం ఒక్కొక్కరి ముందు పెట్టి చూపించేది. ఎప్పుడూ నేనే ఫస్టు. అందరికంటే గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు రుద్దేదాన్ని. చిగురు తెగి నెత్తురొస్తే మింగేసేదాన్ని తప్ప చెప్పేదాన్ని కాదు. ఆమె నా గడ్డం పట్టుకొని "ముత్యాలు" అంటే చాలు, ఆరోజంతా నేల మీద నడిచేదాన్ని కాదు.

పెద్ద బడికి వెళ్ళాక కూడా నా ఎర్రపొడి నాతోనే ఉంది. ఎనిమిదో తరగతిలో మొదలైంది బాధ. కుండలో నీళ్ళు తాగితే జివ్వుమనేది. చింతపండు పులుసు తగిలితే ప్రాణం విలవిల్లాడేది. మా జట్టులో అందరిదీ అదే ఏడుపు. టీచరు కూడా చాయ్‌ని బాగా చల్లార్చుకొని కుడివైపు బుగ్గతోనే తాగడం చూశాను. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. పైగా నొప్పి వచ్చినప్పుడల్లా ఇంకాస్త గట్టిగా రుద్దేవాళ్ళం.

ఆ ఏడాదే మా పేట బడిలో పళ్ళ క్యాంపు పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. సాయానికి పాత విద్యార్థులు రావాలని టీచరు కబురు పెడితే నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ పదిమంది పిల్లల నోళ్ళు చూసి, నన్ను కూడా నోరు తెరవమంది. చూసి, "మీరంతా దేంతో తోముకుంటారు?" అంది. టీచరు ఎంతో గర్వంగా తన రేకు డబ్బా తెచ్చి, పిల్లలు ఏం తిన్నా వెంటనే దీంతోనే తోమిస్తానని చెప్పి మూత తీసింది. డాక్టరమ్మ చిటికెడు పొడి తీసుకొని వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత టీచరు చేతి అద్దం అడిగి తీసుకొని, దాని మూల మీద ఆ పొడి వేసి నాలుగుసార్లు రుద్ది, తుడిచి ఇచ్చింది. అద్దం మీద సన్నగా గీతలు పడ్డాయి.

"ఇది అద్దం, టీచర్ గారూ. పన్ను ఎంత? పంటికి పైన తెల్లటి గట్టి పొర ఉంటుంది. చెరుకో చింతకాయో తిన్నాక అది కాసేపు మెత్తబడుతుంది. వదిలేస్తే మన ఉమ్మే దాన్ని మెల్లగా మళ్ళీ గట్టిచేస్తుంది. మీరు సరిగ్గా ఆ మెత్తబడ్డ టైములోనే ఈ రాతిపొడి పెట్టి రుద్దిస్తున్నారు."

"పోయిన పొర మల్ల వస్తదా డాక్టరమ్మా?"

"రాదండి. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, ఇది పెరగదు. ఉన్నది కాపాడుకోవడమే. పులుపు తింటే ఉత్త నీళ్ళతో పుక్కిలించి, ఒక గంట ఆగి, మెత్తటి బ్రష్‌తో మెల్లగా తోముకోవాలి."

టీచరు మిశ్రి సంగతి కూడా చెప్పింది. ఆడవాళ్ళు ఈ పొడి చూసుకొనే దాన్ని మానేశారని చెప్పింది. డాక్టరమ్మ "అయితే మీరేం చాటించకండి. పొడి ఇవ్వడం మెల్లగా ఆపేయండి. తప్పని చెబితే వాళ్ళు మళ్ళీ పొగాకు పట్టుకుంటారు" అంది. నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నా చెవులతో విన్నాను.

చెప్పకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. ఆ వారమే మొదలుపెట్టి మా పేటలో ఒక్క ఇల్లూ వదలకుండా తిరిగింది. మా ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. మా అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. ఈసారి టీచరు కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"బాలమణీ, నేను తప్పు చేసిన. ఆ పొడి పండ్లను తింటది. ఇగ రుద్దకు. పిల్లతోని రుద్దియ్యకు."

"ఏందీ? ఐదారేండ్లాయె రుద్దవట్టి. ఇప్పుడొచ్చి తప్పంటవా?"

"నాకు తెల్వలే. తెల్వక చేసినా తప్పే."

"మా పిల్ల పండ్లు గుంజుతున్నయని ఏడుస్తది. గది నీ పొడితోనేనా?"

టీచరు నా వైపు చూసింది. "నా పొడితోనే."

మా అమ్మ చేతిలో పిండిముద్ద పళ్ళెంలోకి విసిరికొట్టింది. "గట్లయితే నా మిశ్రి ఏం పాపం చేసింది? అప్పుడు గది తప్పంటివి, ఇప్పుడు గిది తప్పంటున్నవ్. రేపొచ్చి బువ్వ తినుడు తప్పంటవా?"

"మిశ్రి మాత్రం ముట్టకు బాలమణీ. నీ కాల్మొక్త."

"పో టీచరమ్మా, పో. నీ మాట ఇని పిల్ల పండ్లు పాయె."

ఆమె తలవంచుకొని గొడుగు తీసుకొని పక్కింటికి వెళ్ళింది. అక్కడా అవే కేకలు. వారం తిరక్కుండా పేటలో సగం గడపల మీద మళ్ళీ పొగాకు కంపు మొదలైంది. మా ఇంట్లో కూడా. హెడ్మాస్టరు ఆమెను పిలిచి, "ఎవరడిగారమ్మా మిమ్మల్ని? నోరు మూసుకుంటే పోయేదిగా" అని కేకలేశాడట. వీధిలో పోకిరీలు "మొరం టీచర్" అని అరిచేవాళ్ళు.  ఆమె మాత్రం బడిలో పులుపు తిన్న ప్రతి పిల్లకూ నీళ్ళ చెంబు తనే అందించి పుక్కిలింపజేసేది. తోమేటప్పుడు పక్కనే నిలబడి "మెల్లగ, మెల్లగ" అనేది. ఆ తర్వాత చేరిన పిల్లల పళ్ళు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. నావి ఈ మాత్రమైనా మిగిలింది ఆమె చెప్పిన ఆ రెండో పద్ధతి పట్టుకోబట్టే. కానీ ఆరోజు తర్వాత చాలా ఏళ్ళ దాకా ఆమె మా గల్లీలో మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఎనభైల మధ్యలో, నేను హైదరాబాదులో నర్సు ట్రైనింగు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా అమ్మకు బుగ్గ లోపల తెల్లటి మచ్చ వచ్చింది. నాకు చెప్పకుండా దాచింది. చూసేసరికి అది పుండైంది. నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. పట్నం పెద్ద దవాఖానలో చూసి, బాగా ముదిరింది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. మా అమ్మను మంచం మీద పడుకోబెట్టి, నేను తిన్నగా వెళ్ళి బస్సెక్కి చిరాగ్‌పల్లిలో దిగాను. టీచరు రిటైరై అక్కడ రోడ్డు పక్కన ఒక్క గది ఇంట్లో ఉంటోంది. నేను వెళ్ళేసరికి జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకొని, మెత్తబడ్డాక ముద్ద చేసుకొని మింగుతోంది. ఆమె పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయాయి.

"కూసో బిడ్డా."

"కూసోను. మా అమ్మ నోట్లె పుండు పడ్డది. ఇగ లాభం లేదన్నరు."

ఆమె పళ్ళెం పక్కకు పెట్టింది.

"ఎందుకు చెప్పినవ్ టీచర్? చాటించకని ఆ డాక్టరమ్మ చెప్పనే చెప్పె గద! సప్పుడు చెయ్యకుంట ఊకుంటే నీదేం పోతుండె? పండ్లు పోతే పోనీ. పండ్లు లేకుంట ఎంతమంది బతుకుతలేరు? మా అమ్మ బతికేది!"

ఇంకా చాలా అన్నాను. నువ్వు మంచిదానివి అనిపించుకోవడానికి మా అమ్మను చంపావు అని కూడా అన్నాను. బయట లారీల మోత. ఆమె అదంతా విని, నేను ఆయాసంతో ఆగాక నోరు తెరిచింది.

"చెప్పుడు తప్పు కాదు బిడ్డా. చెప్పకపోతే మీ అందరి పండ్లు పోతుండె. చెప్పి ఎల్లిపోయిన, గది తప్పు. అలవాటు మాన్పనీకి నలభై దినాలు మీ గడప మీద కూసున్న. తప్పు ఒప్పుకున్ననాడు జరంత సేపు సుత కూసోలే. సిగ్గయింది. మీ అమ్మ తిట్టంగనే గొడుగు పట్టుకొని ఉరికిన. మల్ల రాకపోతి. మల్ల వచ్చి కూసుంటే ఆమె మిశ్రి ముట్టకపోవునేమో."

కొట్టడానికి వెళ్ళినంత కోపంతో వెళ్ళినదాన్ని, ఆ గడప మీదే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. తనూ ఏడ్చింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు మా ఇంటికి వచ్చింది. మా అమ్మ మంచం మీద నుంచి చూసి, మూసుకుపోయిన పళ్ళ సందులోంచే మాట కూడదీసుకుంది.

"ఇయ్యాల ఏం తప్పని చెప్పనీకి వచ్చినవ్ టీచరమ్మా?"

"ఏం చెప్ప. కూసుంట."

"తిడితే?"

"తిట్టు."

మా అమ్మ మాట వచ్చినన్ని రోజులు తిట్టింది. మాట పోయాక కళ్ళతో తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి ఆమె చెయ్యి పట్టుకునేది. రెండు నెలలు. ఆ పుండు వాసనకు మా చిన్నమ్మలే ముక్కుకు కొంగు కట్టుకొని దూరంగా నిలబడేవాళ్ళు. నేను నర్సునై ఉండి కూడా మధ్యమధ్యలో బయటికి పోయి గాలి పీల్చుకొని వచ్చేదాన్ని. టీచరు మాత్రం పుండు కడిగి, చెంచాతో గంజి చుక్కచుక్కగా పోస్తూ, చీకటి పడే దాకా కదిలేది కాదు. మా అమ్మ ప్రాణం ఒక మధ్యాహ్నం పోయింది. టీచరు కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు, ఆ దశాబ్దం దాటకుండానే వెళ్ళిపోయింది.

చెప్పి వెళ్ళిపోకూడదని ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరికి చెడ్డ మాట చెప్పవలసి వచ్చినా స్టూలు లాక్కొని, వాళ్ళు తిట్టినా, ఏడ్చినా, అలాగే కూర్చున్నాను. సిస్టర్‌కు ఓపిక ఎక్కువని అందరూ మెచ్చుకున్నారు. ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను. ఆపితే టీచరుకు అన్యాయం చేసినదాన్నవుతాను.

మా అమ్మ ఎప్పుడూ పొద్దున్నే చేనుకు పోయి చీకటి పడ్డాకే వచ్చేది. బజారుకు పోయే తీరిక ఆమెకు లేదు. టీచరు తప్పు ఒప్పుకొని వెళ్ళిన మర్నాటి నుంచి, మిశ్రికి పొగాకు కట్ట బడి నుంచి వచ్చేటప్పుడు తెచ్చింది నేనే. ట్రైనింగులో పొగాకుతో పుండు పడ్డ నోళ్ళు వార్డు నిండా చూశాను, చూసి కూడా సెలవుకు వచ్చిన ప్రతిసారీ బస్టాండులో దిగగానే ఆ కట్ట కొని సంచీలో వేసుకున్నాను. రెండు రోజులుండి పోయేదాన్ని, అమ్మతో గొడవెందుకు అనుకున్నాను. ఒకసారి ఆ పొగాకు కొట్టు ముందు టీచరు ఎదురైంది. నా చేతిలోది చూసింది. "పరీక్షలు ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది. చిరాగ్‌పల్లిలో ఆమె మీద నేను అన్ని మాటలు విసురుతున్నప్పుడు, మీ అమ్మకు పొగాకు ఎవరు తెచ్చిచ్చిన్రు అని ఒక్క మాట అడిగితే నా నోరు మూతపడేది. అడగలేదు. మా అమ్మ మంచం పక్కన కూర్చున్న ఆ రెండు నెలల్లోనూ అడగలేదు. మొత్తం తన నెత్తినే వేసుకుంది.

తన తప్పును ఆమె పేటలో గడపగడపకూ వెళ్ళి చెప్పుకుంది. నాది నేను ఇవ్వాళ్టి దాకా ఒక్క మనిషికి కూడా చెప్పలేదు.